పుస్తకం మన వాడకు ఏ దారిన వచ్చింది?

చదువు బాట: 9వ భాగం



"సార్, మీరు ఇప్పుడేం చదువుతున్నారు? మమ్మల్ని ఏం చదవమంటారు?" ఈ ప్రశ్న నన్ను క్లాసులో అడుగుతారు, అవనిగడ్డ బస్టాండులో అడుగుతారు, ఏప్రిల్ 14న బాబాసాహెబ్ విగ్రహానికి దండ వేసి దిగుతుంటే అడుగుతారు. పది పేర్లు చెప్పి పంపేయడం తేలిక. కానీ పేర్ల జాబితాకు మన పిల్లలు కొత్తవాళ్లేం కాదు. డీఎస్సీ కోచింగ్ కోసం రాష్ట్రం నలుమూలల నుంచి అవనిగడ్డకు వచ్చి, అద్దె గదుల్లో నలుగురైదుగురు సర్దుకుని చదువుకునే వాళ్లలో ఎవరినైనా ఆపి 'గబ్బిలం' అనండి. "జాషువా, 1941" అని టక్కున చెబుతారు. 'మాలపల్లి' అంటే "ఉన్నవ లక్ష్మీనారాయణ, 1922". 'గుడిసెలు కాలిపోతున్నాయి' అంటే "బోయి భీమన్న, కేంద్ర సాహిత్య అకాడమీ, 1975". మార్కు వచ్చేసింది. పుస్తకం మాత్రం చేతికి రాలేదు.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు లక్షల మంది పోటీ పడ్డారు. అమ్మ కూలికెళ్లి పంపిన డబ్బుతో గది అద్దె కట్టేవాడికి ఖండకావ్యం తీరిగ్గా చదువుకునే వీలెక్కడిది? వాడికి కావాల్సింది బిట్టు. నా బాధ వేరే ఉంది. రేపు ఉద్యోగం వచ్చాక బడిలో నిలబడి జాషువా పాఠం చెప్పేది వీళ్లే. ఎదురుగా బెంచీ మీద కూర్చునేది మన వాడ పిల్లలే. పుస్తకం చదవని పంతులు ఆ పిల్లలకు మళ్లీ అదే బిట్టును అందిస్తాడు. దళిత సాహిత్యం సిలబస్‌లోకి రావడానికి మన పెద్దలు ఎంత కొట్లాడారో తెలుసు కదా. అంత కొట్లాటా చివరికి "జతపరచుము" దగ్గర ఆగిపోతే ఎలా?

అందుకని ఈ భాగంలో మూడు పనులు చేస్తాను. మన కృష్ణా డెల్టాలో పుస్తకం ఏయే దారుల్లో నడిచిందో, ఏ దారి మన వాడ దాకా వచ్చిందో చెబుతాను. నేను ఇప్పుడు చదువుతున్నవీ, మీరు చదివి తీరాల్సినవీ కొన్ని చెబుతాను. చివరగా, ఆ పుస్తకాలను ఎలా సంపాదించాలో, కలిసి ఎలా చదవాలో చెబుతాను.

ఒకే ఊళ్లో రెండు సభలు

తెలుగు నాట గ్రంథాలయోద్యమం అనగానే గుర్తొచ్చే ఊరు బెజవాడ. 1914 ఏప్రిల్‌లో అక్కడి రామ్మోహన గ్రంథాలయం చొరవతో ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమయ్యారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం అలా పుట్టింది. దానికి ప్రాణం పోసిన అయ్యంకి వెంకటరమణయ్య గారు జీవితమంతా ఆ పనిలోనే ఉన్నారు. 'గ్రంథాలయ సర్వస్వం' పత్రిక నడిపారు. 1972లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఊరూరా గ్రంథాలయం ఉండాలన్న పట్టుదల ఆ తరానిది. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణకు అవతలి ఒడ్డున, గుంటూరు జిల్లా కాలువల్లో పడవ మీద గ్రంథాలయం నడిపారు. ధాన్యం మోసే పడవలు తిరిగే కాలువలో పుస్తకాలు మోసే పడవ. ఈ కథ చెబితే మా విద్యార్థుల కళ్లు మెరుస్తాయి. మెరవాలి కూడా. అది చిన్న పని కాదు.

అయితే మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. గ్రంథాలయం ఊళ్లో ఎక్కడ పెట్టారు? రచ్చబండ పక్కన, గుడి వీధిలో, పెద్ద రైతు ఇచ్చిన ఇంటి అరుగు మీద. ఆ వీధిలో చెప్పులేసుకుని నడవలేనివాడు ఆ అరుగెలా ఎక్కుతాడు? పడవ రేవులో ఆగుతుంది సరే, ఏ రేవులో? మంచినీళ్ల చెరువు ఊరికొకటి, వాడకొకటి ఉన్న కాలంలో పుస్తకాల పడవ దగ్గరికి ఎవరు దిగి రాగలిగారు? గ్రంథాలయోద్యమంలో అంటరానితనాన్ని నిజాయితీగా వ్యతిరేకించినవాళ్లు ఉన్నారు. వాళ్ల మంచితనాన్ని నేను శంకించడం లేదు. మంచితనం ఉన్నంత మాత్రాన అరుగు ఎత్తు తగ్గదు అంటున్నాను.

అదే బెజవాడలో మూడేళ్ల తర్వాత, 1917 నవంబరు 4 నుంచి 6 దాకా ఇంకో సభ జరిగింది. హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ వచ్చి అధ్యక్షత వహించారు. పంచమ మహాజన సభ అని పిలిచి పెట్టుకున్న సభ అది. భాగ్యరెడ్డి వర్మ లేచి ఆ పేరునే ప్రశ్నించారు. మనం అయిదో వర్ణం కాదు, ఈ నేల మొదటి మనుషులం అన్నారు. సభ పేరు ఆది ఆంధ్ర మహాజన సభగా మారింది. ఆ మూడు రోజులూ కనకదుర్గమ్మ గుడి తలుపులు మూసేశారని ఆ ఉద్యమ చరిత్ర రాసినవాళ్లు నమోదు చేశారు. మనుషులు కూడి మాట్లాడుకుంటే దేవత మైలపడుతుందన్న భయం! 1922 నాటికి మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర అన్న పేరును రికార్డుల్లోకి తీసుకుంది. 1931 జనాభా లెక్కలొచ్చేసరికి రాజధానిలోని మాల మాదిగల్లో దాదాపు మూడో వంతు మంది తమను ఆది ఆంధ్రులమని రాయించుకున్నారు.

రెండు సభల మధ్య తేడా చూడండి. 1914 సభ పుస్తకాలు కావాలంది. అక్షరం ముందే వచ్చినవాళ్ల సభ అది. 1917 సభ మా వాడల్లో బడులు కావాలి, బావులు కావాలి, చట్టసభల్లో చోటు కావాలంది. అక్షరం కోసమే తగువు పెట్టుకున్న సభ అది. మన పాఠ్యపుస్తకాల్లో మొదటి సభ గ్రంథాలయోద్యమం అన్న శీర్షిక కింద వస్తుంది. రెండో సభ వస్తే సంఘ సంస్కరణ కింద ఒక పేరాలో వస్తుంది. నన్నడిగితే ఆ రెంటినీ ఒకే పాఠంలో పక్కపక్కన పెట్టి చెప్పాలి. రెండూ చదువు చరిత్రే.

బందరు దారి

మన వాడకు అక్షరం తెచ్చిన పాత దారి బందరు నుంచి మొదలవుతుంది. 1841లో చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో దిగారు. 1843లో నోబుల్ పెట్టిన ఇంగ్లీషు బడి పై కులాల పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని పెట్టిందే. పైన ఉన్నవాళ్లు మారితే కిందివాళ్లు వాళ్లంతట వాళ్లే మారతారన్న లెక్క అది. జరిగింది వేరు. 1859లో కృష్ణా జిల్లా రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల పెద్ద బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెనక పల్లెలకు పల్లెలు కదిలాయి. మిషన్ ఊహించని వైపు నుంచి జనం వచ్చారు. వచ్చినవాళ్లు దేవుడితో పాటు బడి అడిగారు, పంతుల్ని అడిగారు.

అందుకే మన ఇళ్లలో చాలావాటిలో మొదటి పుస్తకం తెలుగు బైబిలు, రెండోది పాటల పుస్తకం. నమ్మకం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ దీన్ని చరిత్రగా గుర్తించాలి. సంతకం పెట్టడం రాని ముసలమ్మ కీర్తనలు అధ్యాయాలకు అధ్యాయాలు నోటికి చెప్పడం మీరు చూసే ఉంటారు. ఇంట్లో చదవడం వచ్చినవాడు ఒక్కడే. వాడు చదువుతుంటే పదిమంది వింటారు. చదువు అంటే గదిలో తలుపు వేసుకుని ఒంటరిగా చేసే పని అని మనకు తర్వాత కాలేజీ నేర్పింది. మన వాడలో చదువు మొదటి నుంచీ పదిమంది చెవుల మీద నడిచింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

మిషన్ దారికి హద్దులు లేవా? ఉన్నాయి. పట్నం బడి ఒకరికి, పల్లె బడి ఇంకొకరికి అన్న విడదీత మొదట్లోనే ఉంది. గుళ్లోకి వచ్చినా కులం గుమ్మం బయట ఆగలేదు. మాల మాదిగల మధ్య గోడలు చాలాచోట్ల చర్చిలోనూ నిలబడ్డాయి. అక్షరం ఇచ్చిన చెయ్యిని గుర్తుంచుకుందాం, ఆ చెయ్యి గీసిన గీతనూ గుర్తుంచుకుందాం.

వాడ మీద పుస్తకం, వాడ రాసిన పుస్తకం

1920లు వచ్చేసరికి తెలుగు పుస్తకంలోకి వాడ వచ్చింది. ఉన్నవ 'మాలపల్లి' 1922లో వచ్చింది. సర్కారు దాన్ని నిషేధించింది. గొప్ప నవల. మా అంత్యజుల జీవితాన్ని నవలకు కేంద్రం చేసిన తెగువ ఆయనది. కానీ అది వాడ మీద రాసిన పుస్తకం. అదే కాలంలో వాడ నుంచి రాసినవాడు కుసుమ ధర్మన్న. గరిమెళ్ల తెల్లదొరతనం మాకొద్దని పాడితే, రాజమండ్రి నుంచి ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనం' అని జవాబు రాశారు. 'జయభేరి' పత్రిక నడిపారు. తెల్లదొర పోతే మా మెడ మీద ఎవరు కూర్చుంటారు అన్న ప్రశ్న అది. గరిమెళ్ల పాట తెలియని తెలుగు విద్యార్థి ఉండడు. ధర్మన్న పేరు చాలామందికి ఎం.ఏ.లో మాత్రమే వినబడుతుంది. ఇది యాదృచ్ఛికం కాదు. ఏ పుస్తకం మళ్లీ మళ్లీ అచ్చవుతుంది, ఏది ఒక్క ముద్రణతో ఆగిపోతుంది అన్నది కూడా కులమే నిర్ణయిస్తుంది.

1968లో కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం నింద మోపి సజీవంగా తగలబెట్టారు. అప్పటి మన జిల్లాలోనే. 1985 జూలై 17న కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు. పులిగడ్డ పెనుమూడి వారధి దాటి రేపల్లె మీదుగా వెళితే చుండూరు మనకు ఎంత దూరం? కారంచేడు తర్వాత దళిత మహాసభ వచ్చింది. బొజ్జా తారకం, కత్తి పద్మారావు ఊరూరా తిరిగారు. ఆ సభల దగ్గర పట్టా పరిచి పెట్టిన పుస్తకాలు మన అసలు గ్రంథాలయం. తారకం సంపాదకత్వంలో 1989 నుంచి నడిచిన 'నలుపు' పత్రిక చేతులు మారుతూ నలిగిపోయేది. ఒక్క ప్రతిని ఇరవై మంది చదివేవాళ్లు. 1995లో జి. లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ సంపాదకులుగా 'చిక్కనవుతున్న పాట', మరుసటి ఏడు 'పదునెక్కిన పాట' వచ్చాయి. ఆ రెండు సంకలనాలతో తెలుగు కవిత్వం మాట తీరే మారిపోయింది.

అక్కడితో కథ అయిపోలేదు. 1994లో మాదిగ దండోరా లేచింది. దళిత అన్న మాట కింద ఎవరి గొంతు వినబడుతోంది, ఎవరిది అణిగిపోతోంది అని అడిగింది. తర్వాత ఆడవాళ్లు అడిగారు. గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చింది. 1921 నుంచి దళిత స్త్రీలు రాసినవి వెతికి తెచ్చిన పుస్తకం. తాడి నాగమ్మ లాంటి తొలితరం రచయిత్రిని మనకు మళ్లీ చూపించింది అదే. 2006లో జూపాక సుభద్ర, గోగు శ్యామల కలిసి తెచ్చిన 'నల్లరేగటిసాళ్లు' మాదిగ, మాదిగ ఉపకులాల ఆడవాళ్ల కథల్ని ముందుకు తెచ్చింది. మన పుస్తకాల అరలో కూడా ఊరూ వాడా ఉంటాయని నేర్పిన పుస్తకాలివి.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్నవి

ఇక మీరడిగిన జాబితా. వరస నాది. మీకు దొరికిన దాంతో మొదలుపెట్టండి.

మొదటిది సుజాత గిడ్ల ఇంగ్లీషులో రాసిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్'. 2017లో న్యూయార్కులో అచ్చయింది. రెండోసారి చదువుతున్నాను. కథ జరిగేది ఎక్కడో కాదు, మన గుడివాడ స్లాటర్‌పేటలో. తల్లి మరియమ్మ చనిపోతే అమ్మమ్మ చేతుల్లో పెరిగిన ముగ్గురు పిల్లలు సత్యం, క్యారీ, మంజుల. సత్యం అంటే మన శివసాగర్, కె.జి. సత్యమూర్తి. మంజుల రచయిత్రి తల్లి. చాలామంది ఈ పుస్తకాన్ని శివసాగర్ కోసం చదువుతారు. నేను మొదటిసారి అలాగే చదివాను. రెండోసారి మంజుల కోసం చదువుతున్నాను. కాశీ హిందూ విశ్వవిద్యాలయం దాకా వెళ్లి చదివి, కాలేజీ లెక్చరరై, ఊరూరా బదిలీలు మోస్తూ, ఇంట్లో దెబ్బలు తింటూ ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. అన్న కథ విప్లవం అయింది, చెల్లెలి కథ ఇల్లు అయింది. రెండిట్లో ఏది ఎక్కువ కష్టం? చర్చకు ఇంతకంటే మంచి ప్రశ్న నాకు దొరకలేదు. ఇంగ్లీషు భయపెడితే రోజుకు నాలుగు పేజీలు చదవండి. వాక్యాలు చిన్నవి. ఊళ్ల పేర్లు మనవే కాబట్టి అర్థం దానంతటదే వస్తుంది.

దాని వెంటనే శివసాగర్ కవిత్వం. 'ఉద్యమం నెలబాలుడు' దగ్గర మొదలుపెట్టండి. 1931లో కృష్ణా జిల్లాలో పుట్టి, గుంటూరు ఏసీ కాలేజీలో అర్ధాకలితో చదివి, 1980లో కొండపల్లి సీతారామయ్యతో కలిసి పీపుల్స్‌వార్ పార్టీ పెట్టిన మనిషి. పార్టీలో కులం ప్రశ్న లేవనెత్తి బయటికొచ్చాడు. ముందు రాసిన పాటలూ తర్వాత రాసినవీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక మనిషి ఆలోచన ఎలా మలుపు తిరిగిందో కనబడుతుంది. గిడ్ల పుస్తకం చదివాక ఈ కవిత్వం వేరేగా వినబడుతుంది. పాటలో ఉన్న చెల్లెలు ఎవరో మీకు తెలుస్తుంది.

మూడోది 'గబ్బిలం'. దీన్ని ఒంటరిగా కాకుండా, 'ఆముక్తమాల్యద'లోని మాలదాసరి కథతో కలిపి చదవమంటాను. ఎందుకంటే కృష్ణదేవరాయలు ఆ కావ్యానికి సంకల్పం చేసింది మన ఘంటసాల మండలం శ్రీకాకుళంలోని ఆంధ్రమహావిష్ణువు గుళ్లోనని చెప్పుకుంటాం. చల్లపల్లి నుంచి పెద్ద దూరం లేదు. ఆ కావ్యంలో మాలదాసరి వేకువ జామున లేచి కురుంగుడి గుడి దగ్గరికి వెళ్లి పాడతాడు. బయట నిలబడే పాడతాడు. బ్రహ్మరాక్షసుడికి దొరికినా పాట మానడు, మాట తప్పడు. బ్రాహ్మణ జన్మ నుంచి రాక్షసుడైనవాడికి విముక్తి ఇచ్చేది మాలవాడి పాట. రాయలు అంత ఎత్తుకు తీసుకెళ్లాడు. కానీ మాలదాసరి ఒక్కసారి కూడా "నేనెందుకు బయట ఉన్నాను?" అని అడగడు.

నాలుగు వందల ఏళ్ల తర్వాత జాషువా ఆ ప్రశ్న అడిగించాడు. ఆయన కావ్యంలో అరుంధతీ సుతుడు కాశీ విశ్వనాథుడికి కబురు పంపుతాడు. మేఘంతో కాదు, హంసతో కాదు, గబ్బిలంతో. తను వెళ్లలేని గర్భగుడిలో గబ్బిలం తలకిందులుగా వేలాడగలదు, దేవుడి చెవి దగ్గర మాట్లాడగలదు. అపశకునం అని జనం తరిమే జీవికి ఉన్న చోటు మనిషికి లేదు. కాళిదాసు మేఘసందేశం చదువుకున్న పండితులు ఏ కొలతతో తనను కొలుస్తారో జాషువాకు తెలుసు. ఆ కొలతనే తీసుకుని వాళ్లకు లెక్క అప్పజెప్పాడు. భక్తుడిగా బయట నిలబడినవాడికీ, ఫిర్యాదుదారుగా బయట నిలబడినవాడికీ మధ్య దూరం ఏమిటో ఈ రెండూ కలిపి చదివితే తెలుస్తుంది. పద్యం భయపెడుతుందా? పైకి చదవండి. జాషువా పద్యం చెవికి ముందు అర్థమవుతుంది.

నాలుగోది జి. కళ్యాణరావు నవల 'అంటరాని వసంతం', 2000. ఎల్లన్న, సుభద్ర, శివయ్య, రూబేను, రూతు. తరాల కథ. ఎల్లన్న ఉరుముల నృత్యం, వీధినాటకం మన కళల చరిత్ర ఎవరు మోశారో చెబుతాయి. కరువులో బకింగ్‌హాం కాలువ పనికి నడిచిపోయే జనం కథ చదువుతుంటే 1876-78 ధాత కరువు గుర్తొస్తుంది. ఆ కాలువ ఎవరి డొక్కల మీద తవ్వారో చరిత్ర పుస్తకం ఒక వాక్యంలో చెబుతుంది. ఈ నవల ఆకలి ఎలా ఉంటుందో చెబుతుంది. ఆనకట్టను, కాలువలను, కాటన్ దొరను రోజూ తలుచుకునే డెల్టా వాళ్లం మనం. నీళ్లు ఎవరి పొలానికి వచ్చాయి, మట్టి ఎవరు మోశారు అన్న ప్రశ్నతో ఈ నవల చదవండి.

అయిదోది అంబేడ్కర్ 'కుల నిర్మూలన'. బొజ్జా తారకం తెలుగు అనువాదం దొరుకుతుంది. ఇది చదవకుండా జై భీమ్ అనొద్దని నేను చెప్పను. కానీ దాని కథ వింటే చదవకుండా ఉండలేరు. 1936లో లాహోరులో జాత్ పాత్ తోడక్ మండల్ సభకు అధ్యక్షోపన్యాసంగా రాసుకున్నది. ముందుగా పంపిన ప్రసంగం చూసి నిర్వాహకులు మాటలు మార్చమన్నారు. ఒక్క కామా కూడా మార్చనన్నాడాయన. సభే రద్దయింది. సొంత ఖర్చుతో 1,500 ప్రతులు వేశాడు. రెండు నెలల్లో అయిపోయాయి. వేదిక దొరకని ఉపన్యాసం పుస్తకమై వేదికలు వెతుక్కుంది. మీ సభలో మైకు ఇవ్వనప్పుడు ఏం చేయాలో ఇందులో ఉంది.

ఆరోది అలెక్స్ హేలీ 'ఏడుతరాలు', సహవాసి అనువాదం. 1980లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ఈ పుస్తకంతోనే మొదలైంది. ఆఫ్రికా నుంచి బానిసగా ఎత్తుకెళ్లిన కుంటా కింటే నుంచి తన దాకా వంశాన్ని వెతుక్కున్న కథ. మన ముందు తరంలో ఎంతమంది కార్యకర్తలు ఈ పుస్తకం చదివి తమ తాత పేరు, ముత్తాత పేరు ఇంట్లో అడిగారో! మనలో చాలామందికి మూడో తరం పేరు దాటి తెలియదు. పట్టాలో పేరు లేదు, శాసనంలో పేరు లేదు. ఇంట్లో అడగండి. పేర్లు రాసుకోండి.

కంచికచర్ల బిడ్డ కలేకూరి ప్రసాద్‌నూ, 'నల్లపొద్దు'నూ, 'నల్లరేగటిసాళ్లు'నూ వేరుగా చెప్పక్కర్లేదు. కోటేశును తగలబెట్టిన ఊరి నుంచే పిడికెడు ఆత్మగౌరవం అడిగిన గొంతు లేచిందన్నది మన జిల్లా పిల్లలకు మొదటి పాఠం కావాలి.

డబ్బు లేకుండా, గది లేకుండా

"ఇవన్నీ కొనాలంటే మాటలా సార్?" అంటారు. నిజమే. అందుకే కొన్ని ఉపాయాలు.

ఒకటి. మన ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం కింద జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళ్లే డబ్బు అది. ఆ మూడు గదుల ఇంటికీ, మన రేకుల ఇంటికీ పన్ను పడుతుంది. అంటే శాఖా గ్రంథాలయం మీద మనకు హక్కుంది. పేపరు చదివి వచ్చేయకండి. ఫలానా పుస్తకం తెప్పించమని కాగితం మీద రాసి, తేదీ వేసి, పదిమంది సంతకాలు పెట్టి ఇవ్వండి. నకలు దగ్గర పెట్టుకోండి. ఒక గ్రంథాలయంలో మా విద్యార్థులు ఇలా అడిగితే "కులం పుస్తకాలు ఎందుకమ్మా, పోటీ పరీక్షలవి అడగండి" అన్నారు. రెండోసారి, మూడోసారి అడిగారు. ఇప్పుడు ఆ అరలో అంబేడ్కర్ సంపుటాలున్నాయి. అడగడం కూడా చదువులో భాగమే.

రెండు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి కలిసి వెళ్లండి. అయిదుగురు కలిసి అయిదు వేర్వేరు పుస్తకాలు కొనండి. ఒకే పుస్తకం అయిదు ప్రతులు కొనకండి. ఆ పండుగ చాలా ఏళ్లు స్వరాజ్య మైదానంలో జరిగేది. ఇప్పుడు అక్కడ 125 అడుగుల బాబాసాహెబ్ నిలబడి ఉన్నాడు. వెళ్లినప్పుడు ఆయన చేతిలో ఏముందో చూసి రండి.

మూడు. వారానికొకసారి కూర్చోండి. గది అక్కర్లేదు. చర్చి వరండా, కమ్యూనిటీ హాలు, అంబేడ్కర్ విగ్రహం గద్దె, ఏదైనా సరే. నలభై నిమిషాలు ఒకరు పైకి చదవాలి, మిగిలినవాళ్లు వినాలి. తర్వాత ఇరవై నిమిషాలు మాట. చదవడం రాని పెద్దవాళ్లను తప్పకుండా పిలవండి. బైబిలు విన్న చెవులవి, వీధినాటకం తెల్లవార్లూ విన్న చెవులవి. 'అంటరాని వసంతం' వింటూ ఒక పెద్దాయన ఆపి, "ఆ ఉరుము దరువు అలా ఉండదురా" అని చేత్తో వాయించి చూపిస్తే, ఆ పాఠం నా పీహెచ్‌డీలో లేదు. ఆడపిల్లలు ఇంటికి చేరే వేళ చూసుకుని సమయం పెట్టండి. మగపిల్లలకు వీలైన రాత్రి తొమ్మిది గంటలకు పెట్టి, ఆడపిల్లలు రావడం లేదని అనకండి.

నాలుగు. డీఎస్సీ పిల్లలకు ఒక మాట. మీ బిట్టు చదవండి, మార్కు తెచ్చుకోండి, ఉద్యోగం కొట్టండి. ఉద్యోగం మన ఇంటికి అన్నం. వారంలో ఒక్క గంట మాత్రం బిట్టు వెనకున్న పుస్తకానికి ఇవ్వండి. గబ్బిలంలో పది పద్యాలు చదివినవాడికి 1941 అన్న అంకె బట్టీ పట్టక్కర్లేదు, దానంతటదే గుర్తుంటుంది.

ఇంకా రాయని పుస్తకం

చివరి సిఫారసు. ఈ పుస్తకం ఏ షాపులోనూ లేదు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. సర్కారు లెక్కలోనే వేల మంది చనిపోయారు. సొర్లగొంది లాంటి ఊళ్లు ఊడ్చుకుపోయాయి. ఎవరు ఎక్కువ పోయారు? పల్లంలో, మట్టిగోడల తాటాకు గుడిసెల్లో ఉన్నవాళ్లు. కూలీలు, జాలర్లు, యానాదులు, మన వాళ్లు. మేడ మీదికి ఎక్కగలిగినవాడు బతికాడు. మేడ ఎవరికి ఉంది? మేడ ఎక్కనిచ్చినవాళ్లు ఉన్నారు, ఎక్కనివ్వనివాళ్లు ఉన్నారా? శవాలు ఎవరు మోశారు? సాయం బట్టలు, బియ్యం ఏ వరసలో పంచారు? పక్కా ఇళ్లు ఎక్కడ కట్టారు? ఆ తర్వాత ఊరూ వాడా దగ్గరయ్యాయా, ఇంకా దూరమయ్యాయా?

ఈ ప్రశ్నలకు నా దగ్గర జవాబుల్లేవు. మీ ఇంట్లో ఉన్నాయి. ఆనాడు ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు డెబ్బై దగ్గర పడుతోంది. నాయనమ్మ పక్కన కూర్చుని ఫోనులో రికార్డరు నొక్కండి. ఆమె మాట ఆమె మాటగానే ఎత్తి రాయండి. దాన్ని పుస్తక భాషలోకి దిద్దకండి. పేరు చెప్పొద్దంటే పేరు రాయకండి. ఏడవడం మొదలుపెడితే రికార్డరు ఆపి పక్కన కూర్చోండి. ఊరికి అయిదు గొంతులు చొప్పున కోడూరు, నాగాయలంక, అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి, ఘంటసాల మండలాల నుంచి వస్తే అదొక సంపుటం అవుతుంది. ఒక తరం 'గబ్బిలం' రాసింది, ఒక తరం 'నల్లపొద్దు' వెతికి తెచ్చింది. మన తరం దీవి పని ఇది.

వచ్చే భాగంలో కుసుమ ధర్మన్న 'హరిజన శతకం' గురించి మాట్లాడుకుందాం. ఈలోపు నలుగురు కూర్చుని పైన చెప్పిన వాటిలో ఒక్కటైనా మొదలుపెట్టండి. నవంబరు 19 లోపు మీ వాడ నుంచి ఒక్క గొంతైనా కాగితం మీదికి రావాలి.

జై భీమ్.